మా కారు నెత్తిన దినము

మా యింట నొక కారు గలదు. అది క్రొత్తది కాదు. 15 ఏండ్ల ప్రాయము గలది. స్ప్రింగులు వయసుచే నణగుటవలన దాని యడుగు నేలకు మిక్కిలి దగ్గఱయైనది. కొలిచిచూడ జానెడైనను లేదు. వీథిలోని స్పీడు బ్రేకరును దాటునపుడెల్ల అది కడుపు రాచుకొని మూలుగును. లోన గూర్చున్న మేము పండ్లు బిగబట్టుకొందుము. ఇట్టి కారును ఇంటియొద్ద పైకెత్తుటలో మేము చేసిన తప్పును, పిదప నేర్చిన పద్ధతిని మా తోడి విద్యార్థులకు దెలుపుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మేము అన్నదమ్ములమిద్దఱము. గడచిన వేసవి సెలవులలో నాయనగారు ఊర లేని యొక దినమున, ఇంజను ఆయిలు మార్చుట యెంత పనియని తలచి, ఉదయముననే పెరటిలో పనికి బూనితిమి. కారుతో వచ్చిన చిన్న జాకీని ముందుచక్రము వెనుక నమర్చి త్రిప్పితిమి. అది దారిలో చక్రము మార్చుకొనుటకే గాని, కారు క్రింద దూఱి పనిచేయుటకు గాదని మే మెఱుగము. పెరటిది మన్నునేల, ముందునాడు వాన కురిసియుండెను. వెనుకచక్రములకు రాయియైనను అడ్డుపెట్టలేదు. కారు లేచినది. మాలో చిన్నవాడు ఆయిలు పట్టుటకు రేకు బేసినును క్రిందికి ద్రోసి, తల లోనికి బెట్టి బోల్టును వెదకుచుండెను. అంతలో అమ్మ వంటయింటినుండి, "ఒరేయ్, ఇడ్డెనలు చల్లారిపోవుచున్నవి, రండిరా!" యని పిలిచెను. ఆకలి మా పౌరుషమును జయించినది. మేము కాళ్లు కడుగుకొనుచుండగనే వెనుక పెద్ద చప్పుడయ్యెను. జాకీ మన్నులో గ్రుంగి ప్రక్కకొఱగినది. కారు క్రిందికి పడినది. బేసిను నలిగి సగమైనది.

చప్పుడు విని ప్రక్కయింటి తాతగారు వచ్చిరి. వారు లారీ షెడ్డులో చిరకాలము పనిచేసినవారు. మమ్ము కోపింపలేదు. బేసినువంక జూచి, "ఇంతకుమునుపు దీని ప్రక్కన నెవరు పడుకొనియుండిరి, నాయనలారా?" యని మాత్ర మడిగిరి. మేము బదులు చెప్పలేకపోతిమి. అప్పుడు వారు, "ఎత్తునది వేఱు, నిలుపునది వేఱు. జాకీ యెత్తుటకే; మోయుటకు గాదు. ఇది మఱవకుడు" అనిరి.

నాయనగారు వచ్చినపిదప జరిగినదంతయు జెప్పితిమి. వారు మందలించి, తరువాతి శనివారము ఒక ట్రాలీ జాకీని, రెండు జాకీ స్టాండులను దెచ్చిరి. తాతగారు దగ్గఱ నిలిచి మాచేతనే పని చేయించిరి.

మొదట కారును ఇంటిముందరి చదునైన సిమెంటు నేలకు మార్చితిమి. అచట పొట్టికారు చిక్కు బయటపడినది. కారు ప్రక్క అంచుల క్రింద, చక్రములకు దగ్గఱగా, రెండేసి గంట్ల నడుమ గట్టిచోటులు గలవు. జాకీని అచటనే పెట్టినచో స్టాండునకు చోటుండదు. కావున కారు పుస్తకమున జూపినట్లు జాకీని ముందుభాగపు నడుమనున్న గట్టి యడ్డుకమ్మి క్రింద బెట్టి, స్టాండులను ప్రక్క గంట్లయొద్ద నిలుపవలెను. కాని మా జాకీ తల పూర్తిగ దించినను 140 మిల్లీమీటర్ల యెత్తుండుటచే బంపరు క్రింద దూఱలేదు. బలవంతముగ ద్రోసిన బంపరే విఱుగును. అందుచే తాతగారు 40 మిల్లీమీటర్ల మందము గల రెండు బల్లచెక్కలను, టైరుకంటె వెడల్పుగా, కొనలు వాలుగా గోయించిరి. నాయనగారు ముందుచక్రములను మెల్లగా వానిపై కెక్కించిరి. మమ్ము ప్రక్కన నిలువనిచ్చిరి గాని యెదుట నిలువనీయలేదు. అంతట జాకీ సుఖముగా లోనికి బోయెను.

మా కారులో ఇంజను ముందుచక్రములను ద్రిప్పును. హ్యాండు బ్రేకు వెనుకచక్రములను బట్టును. ముందుభాగము నెత్తిన గేరు పట్టు పోవును. వెనుకభాగము నెత్తిన హ్యాండు బ్రేకు పట్టు పోవును. కావున నేలమీద మిగిలిన చక్రములకు ముందువెనుకల చెక్కదిమ్మలు అడ్డుపెట్టుట తప్పనిసరి. మఱియు జాకీ తల పైకి బోవునపుడు కొంచెము ప్రక్కకును జరుగును. దానితోపాటు జాకీ చిన్నచక్రములు దొర్లవలెను. క్రింద గులకరాయి యడ్డుపడినను, మన్నులో దిగబడినను, తల కమ్మినుండి జాఱిపోవును.

జాకీలో నూనె గలదు. చిన్న గొట్టములో కలిగిన యొత్తిడి పెద్ద గొట్టమునకు అట్లే ప్రాకి, వెడల్పునుబట్టి బలము హెచ్చును. మనము తరగతిలో జదువు పాస్కలు సూత్ర మిదియే. దీనిచే 1000 కిలోల కారు ముందుభాగమును బాలు డొక్కచేతితో నెత్తగలడు. కాని యా నూనెను ఆపునది చిన్న రబ్బరు వలయము. అది యరిగి నూనె జాఱిన కారును దిగును. స్టాండును నిలుపునవి ఇనుప పండ్లు. కారును రెండు స్టాండులపైకి మెల్లగా దించినపిదపనే తాతగారి మొగము తేటవడినది.

ఇటుకలు పేర్చిన చాలదా యని మేమడిగితిమి. ఇటుక మోసినంతసేపు మోసి, చెప్పకయే యొక్కసారిగ పగులునని వారు చెప్పిరి. తరువాత స్టెపినీ చక్రమును దొర్లించుకొనివచ్చి కారు అంచు క్రింద బరుండబెట్టించిరి. ఒకవేళ అన్నియు దప్పినను అది మనిషికి చోటు మిగుల్చునట. కడపట కారును చేతులతో గట్టిగా నూపి చూడుమనిరి. అది కదలలేదు. అప్పుడే మాలో చిన్నవాడు క్రింద దూఱెను. ఈసారి అమ్మ వాకిట నిలిచి చూచుచుండెను, ఎవరిని పిలువలేదు.

ఆయిలు మార్చుట అరగంట పని. కారు నెత్తి నిలుపుటకు గంట పట్టినది. ఆ గంట వృథయని మే మెన్నడును దలపము. నలిగిన బేసినును అమ్మ పాఱవేయనీయలేదు. అది యిప్పుడు జాకీ పెట్టు మూల మేకునకు వ్రేలాడుచున్నది. జాకీని తీయబోవునపుడెల్ల మా చేయి మొదట దానికి దగులును.