బఫ్ ప్యాడ్ పదికాలాలపాటు మన్నాలంటే...

కారుకు పాలిష్ పట్టే స్పాంజి బిళ్లకూ మన ఆడవాళ్ల పేజీలకూ ఏం సంబంధమని పేజీ తిప్పెయ్యకండి. మన కర్నూల్లో నంద్యాల చెక్‌పోస్టు వైపు పోయినా, బళ్లారి చౌరస్తా వైపు పోయినా కార్లు కడిగే షెడ్లు కనబడుతూనే ఉంటాయి. ఉత్త నీళ్లతో కడగడంతో సరిపెట్టక, మిషన్‌తో రబ్బింగ్, పాలిష్ పట్టేవీ వాటిలో ఉన్నాయి. అట్లాంటి షెడ్డు నడిపే తమ్ముడో, మరిదో, కొడుకో మనలో చాలామందికి ఉన్నాడు. మిషన్ కొనడానికి పొదుపు సంఘంలో అప్పు తీసుకునేదెవరు? మనం. నెలనెలా కంతు కట్టేదెవరు? అదీ మనమే. ఆ కంతు డబ్బును చడీచప్పుడు లేకుండా తినేసేది ఏదంటే ఈ బిళ్లే! మంచి రకం కొనాలంటే ఒక్కొక్కటి 500 రూపాయల నుంచి 1,500 దాకా పలుకుతుంది. నెలకు నాలుగు చిరిగితే షెడ్డు ఎవరి కోసం నడుస్తున్నట్టు?

మా తమ్ముడి షెడ్డు లెక్కల పుస్తకం నేనే రాస్తాను. వాడికి చెయ్యి పనితనం ఉంది గానీ కాగితం మీద అంకె వెయ్యమంటే బద్ధకం. కిందటేడు ఎండాకాలం మూడు నెలల్లో పదకొండు ప్యాడ్లు పోయాయి. వాడేమో మిషన్ పట్టే కుర్రాడి మీద విరుచుకుపడి, ప్యాడ్ పోయిన ప్రతిసారీ కూలిలో 300 కోయడం మొదలుపెట్టాడు. ఆ పిల్లోడు పల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాడు. వాడి కూలి మీద ఇంట్లో ముసలి తల్లి, ఇంటర్ చదివే చెల్లెలు ఆధారపడి ఉన్నారు. నోరెత్తి ఏమీ అనడు. "నేను గట్టిగా వత్తలేదక్కా, అదే ఊడిపాయ" అని నాతో మాత్రం ఒకసారి అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. పాత సామాను పడేసే బుట్టలో నుంచి పోయిన ప్యాడ్లన్నీ తెప్పించి, మిద్దె మీద చాప వేసి వరసగా పేర్చాను. చీర చిరిగితే ఎక్కడ చిరిగిందో చూస్తాం కదా! కుచ్చిళ్ల దగ్గర చిరిగితే కాలికి తగిలిందనీ, భుజం దగ్గరైతే పిన్నీసు పట్టిందనీ మనకు వెంటనే తెలిసిపోతుంది. ప్యాడూ అంతే. పదకొండింటిలో రెండే అంచున చిరిగాయి. రెండు నడిమధ్యన మెత్తబడి గుంట పడ్డాయి. మిగిలిన ఏడింటికి స్పాంజి చెక్కు చెదరలేదు, వెనకవైపు అతికించిన వెల్క్రో బట్ట మాత్రం దోసె అంచు లేచినట్టు లేచిపోయింది. చెయ్యి బరువు వేసి చించితే అట్లా పోతుందా?

అసలు సంగతి తెలియాలంటే ఆ ప్యాడ్ ఎట్లా కూర్చుంటుందో తెలియాలి. మిషన్‌కు ముందు ఒక గుండ్రటి ప్లేటు ఉంటుంది, బ్యాకింగ్ ప్లేట్ అంటారు. దాని మీద సన్నటి కొక్కేల్లాంటి ముళ్లు ఉంటాయి. ప్యాడ్ వెనక బట్ట ఆ ముళ్లకు పట్టుకుంటుంది, పిల్లల స్కూలు బ్యాగు అతుక్కున్నట్టు. బట్టకూ స్పాంజికీ మధ్య ఉన్నది జిగురు. జిగురుకు పగవాడు వేడి. మిషన్ తిరుగుతుంటే రాపిడికి వేడి పుడుతుంది. అందులోనూ ఒకేవైపు తిరిగే రోటరీ మిషన్ ఒక రకం, తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ మిషన్ ఇంకో రకం. రెండో రకంలో వేడి ఎక్కువగా ప్యాడ్ నడిమధ్యన చేరుతుంది. కొన్ని ప్యాడ్లకు మధ్యలో చిల్లి పెట్టేది ఆ వేడి తగ్గడానికి కూడా.

మరి మా ప్యాడ్లకు అంత వేడి ఎక్కడి నుంచి వచ్చింది? ఒకటి, కారంతా ఒకే ప్యాడ్‌తో లాగించేవారు. రెండు, ఆ ప్లేటు. తమ్ముణ్ణి పిలిచి, "రేయ్ అబ్బీ, వాని కూలి కోసేముందు ఆ ప్లేటు తీసి నీ వేలితో తడిమి చూడు" అన్నాను. చుట్టూ ముళ్లు గరుకుగా ఉన్నాయి, మధ్యలో మాత్రం కరిగి అణిగిపోయి నున్నగా అయిపోయాయి. అట్లాంటి ప్లేటు మీద ప్యాడ్ గట్టిగా నిలవదు, జారుతుంది. జారేకొద్దీ ఇంకా వేడి, వేడెక్కేకొద్దీ ఇంకా జారుడు. ప్లేటు అరిగితే మార్చాలని వాడికి తెలియక కాదు, "ఇంకొన్నాళ్లు నడుస్తుందిలే" అనుకున్నాడు. ప్లేటు ఖరీదు ఆదా చేసి ఏడు ప్యాడ్లు పోగొట్టుకున్నాడు!

మూడో కారణం వింటే మీరు ముక్కున వేలేసుకుంటారు. షెడ్డులో ప్యాడ్లను మరిగే నీళ్లలో సర్ఫు వేసి నానబెట్టి, పైకప్పు రేకుల మీద ఆరేసేవారు. మన ఊళ్లో మే నెల ఎండ 42, 43 డిగ్రీలు దాటుతుంది, ఇక రేకుల సంగతి చెప్పేదేముంది? జొన్న రొట్టె వేస్తే కాలుతుంది. జిగురు నిలవమంటే ఎట్లా నిలుస్తుంది?

అప్పటి నుంచి ప్యాడ్లు ఉతికే పని నా చేతికి తీసుకున్నాను. ఇది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ పని మగవాళ్లు ఎంత చెప్పినా తొందరపడి పాడుచేస్తారు. పని అయిన రోజే ఉతకాలి. కాంపౌండ్ ఎండి గట్టిపడ్డాక ఉతకబోతే స్పాంజి పెచ్చులు లేస్తుంది. అడుగంటిన పాలగిన్నె మర్నాటికి ఉంచితే ఎట్లా ఉంటుందో మీకు చెప్పాలా? ఉత్త చల్లనీళ్లు గానీ, చెయ్యి పెడితే హాయిగా ఉండేంత గోరువెచ్చని నీళ్లు గానీ చాలు. గిన్నెలు కడిగే ఘాటు లేని లిక్విడ్ రెండు చుక్కలు వేసి, స్పాంజి వైపు మెత్తటి బ్రష్‌తో లోపలి నుంచి అంచుకు తోమాలి. చాకిసోడా వద్దు, బ్లీచింగ్ అసలే వద్దు. రాత్రంతా నానబెట్టొద్దు. తరువాత అరచేతుల మధ్య పెట్టి వత్తాలే గానీ మెలిపెట్టి పిండకూడదు. పెరుగును గుడ్డలో వేసి నీళ్లు కార్చేటప్పుడు ఎంత నిదానంగా వత్తుతామో అంత నిదానంగా. తెల్లటి నీళ్లు పోయి తేట నీళ్లు వచ్చేదాకా జాడించాలి.

మా వీధిలో బోరు నీళ్లు ఉప్పన. గిన్నెల మీద తెల్లటి చారలు కడుతుంది చూడండి, అదే సున్నం స్పాంజి రంధ్రాల్లో కూడా కడుతుంది. అందుకని ఆఖరి జాడింపు మాత్రం సుంకేసుల నుంచి వచ్చే కుళాయి నీళ్లతో చేస్తాను. ఆరేసేటప్పుడు నీడలో, గాలి ఆడేచోట, స్పాంజి వైపు కిందికి, వెల్క్రో వైపు పైకి పెట్టాలి. నీరు కిందికి దిగిపోతుంది, జిగురు దగ్గర నిలవదు. జాలీ ఉన్న కూరగాయల స్టాండు ఇందుకు బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఉన్ని ప్యాడ్లకు కూడా వేడినీళ్లు పనికిరావు. గొంగడి ఎవరైనా మరిగే నీళ్లలో ముంచుతారా? గట్టిపడి అట్ట కట్టుకుపోతుంది. ఆరాక పళ్లు దూరంగా ఉన్న బ్రష్‌తో ఉన్నిని విడదీసుకోవాలి.

ఇక షెడ్డులో పని జరిగేటప్పుడు చూసుకోవాల్సినవి. ఒక ప్యాడ్‌తో ఒకటి, మహా అయితే రెండు భాగాలు, అంటే బానెట్టో, ఒక తలుపో పట్టాక మార్చాలి. కారుకు నాలుగైదు ప్యాడ్లు తిప్పుకుంటూ వాడితే ప్రతిదానికీ చల్లారే వ్యవధి దొరుకుతుంది. ఖర్చు పెరుగుతుందని మా తమ్ముడు మొదట మొత్తుకున్నాడు. నాలుగు ప్యాడ్లు ఏడాది మన్నడం మేలా, ఒక్కోటీ నెలకొకటి పోవడం మేలా అని పుస్తకం వాడి ముందు పెడితే ఊరుకున్నాడు. చేతి వెనకభాగంతో ప్యాడ్ మధ్యన తాకి చూడడం కుర్రాడికి అలవాటు చేయించాను. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపిస్తే పక్కన పెట్టెయ్యాలి. వేడి మీద ఉన్నప్పుడు ఊడదీయొద్దు. ఊడదీసేటప్పుడు స్పాంజి పట్టి పీకకుండా, వెల్క్రో దగ్గర వేళ్లు దూర్చి మెల్లగా విడదీయాలి.

ప్లేటు ప్యాడ్ కన్నా చిన్నదిగా ఉండాలి. 6 అంగుళాల ప్యాడ్‌కు 5 అంగుళాల ప్లేటు. ప్లేటు అంచు దాటి వచ్చిందా, అది కారుకు తగిలి రంగే లేచిపోతుంది. ప్యాడ్ నడిమికి సరిగ్గా అతికించకపోతే మిషన్ వణుకుతుంది, అంచు తొందరగా పోతుంది.

అంచులు చిరిగిన ఆ రెండింటి సంగతికొస్తే, కారు పేరు అతికించిన అక్షరాలు, నీళ్లు చిమ్మే నాజిల్, ఏరియల్, తలుపు పిడి, నంబరు ప్లేటు మూలలు, ఇవీ దొంగలు. వాటికి ముందే మాస్కింగ్ టేపు వెయ్యాలి. టేపు వేస్తే ప్యాడ్ బతుకుతుంది, ఆ మలుపుల దగ్గర రంగూ బతుకుతుంది. కారు రంగు మీద అద్దంలా ఉండే క్లియర్ కోట్ మందం మామూలుగా 40, 50 మైక్రాన్లే. మన తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంత పల్చటి పొర మీద ప్యాడ్‌ను వాలుగా పెట్టి ఒకేచోట రుద్దితే ఏమవుతుందో ఊహించుకోండి. బిళ్ల పోతే వెయ్యి రూపాయలు పోతాయి. కారు యజమాని రంగు పోయిందని వస్తే షెడ్డు తాళం వెయ్యాల్సిందే!

కాంపౌండ్ ఎక్కువ పోస్తే ఎక్కువ మెరుపు వస్తుందనుకునేవాళ్లు ఉన్నారు. శనగగింజంత చుక్కలు నాలుగైదు చాలు, రెండడుగుల చదరం పట్టుకోవడానికి. కొత్త ప్యాడ్ అయితే ముందు పైపైన కాస్త రాసి తడిపి మొదలుపెట్టాలి. ఎక్కువైతే స్పాంజి నిండిపోయి బరువెక్కి, అరిగిన రంగు పొడితో కలిసి ముద్దకడుతుంది. ప్రతి చదరం అయ్యాక నైలాన్ బ్రష్‌తో దులపాలి, గాలి కంప్రెసర్ ఉంటే ఊదాలి. స్క్రూడ్రైవర్‌తో గీకడం చూశాను, నా గుండె కలుక్కుమంది.

బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. మా వదిన వాళ్లది ఆ ఊరే, ఇప్పుడది నంద్యాల జిల్లాలోకి పోయింది. అక్కడ మిషన్ తిరిగినంతసేపూ బండ మీద నీళ్లు ధారగా పడుతూనే ఉంటాయి. నీళ్లు ఆగాయా, రాయి వేడెక్కుతుంది, అరిగిన పిండి కిందే నిలిచిపోతుంది. చల్లబరచడం, పిండి తియ్యడం రెండూ ఆ నీళ్లే చేస్తాయి. కారు మీద అట్లా ధార పొయ్యలేం గనక ఆ రెండు పనులూ ప్యాడ్ మార్చడంతో, బ్రష్ పట్టడంతో మనమే చేసుకోవాలి. ఈ పోలిక చెప్పాక కుర్రాడికి ఇంకేమీ వివరించాల్సిన అవసరం రాలేదు.

ఎండాకాలం మూడు నెలలూ పాలిష్ పని పొద్దున ఐదున్నరకు మొదలుపెట్టి పదికల్లా ముగిస్తారు. ఎండలో నుంచి వచ్చిన కారును నీడన పెట్టి, బానెట్ చల్లారిందో లేదో చెయ్యి పెట్టి చూశాకే మిషన్ ఎత్తుతారు. కాలే రేకు మీద కాంపౌండ్ వేసీ వెయ్యకముందే ఎండిపోతుంది, ఎండిన పొడి మీద ప్యాడ్ తిప్పితే రెండూ పాడే. కారును ముందు శుభ్రంగా కడగకుండా పాలిష్‌కు దిగడం కూడా అంతే. మన దుమ్ములో ఇసక ఉంటుంది. ప్యాడ్ పొరపాటున కింద పడిందంటే దులిపి వాడొద్దు, ఉతికాకే వాడాలి.

పని మధ్యలో మిషన్‌ను ప్యాడ్ మీద నిలబెట్టి టీకి పోతారు చూడండి, ఆ బరువుకు స్పాంజి ఒకవైపు అణిగి మళ్లీ లేవదు. పక్కకు పడుకోబెట్టాలి. ఆరిన ప్యాడ్లను నేను మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాల్లో, రబ్బింగ్‌వి వేరే, పాలిష్‌వి వేరే పెట్టి పైన పేరు రాస్తాను. రంగును బట్టి గుర్తుపెట్టుకుందామంటే కుదరదు, ఒక్కో కంపెనీ గట్టిదానికి ఒక్కో రంగు వేస్తుంది.

కొత్త ప్లేటు వచ్చాక, ఆ తరువాతి మూడు నెలల్లో పోయినవి రెండు. కోసిన కూలి తిరిగిచ్చాడా అని అడుగుతారేమో. ఇచ్చాడు, ఒక్కసారిగా కాదు, రెండు విడతలుగా, గొణుక్కుంటూ. పుస్తకంలో ఆ రెండు పద్దులూ నేనే రాసి కుర్రాడి చేత సంతకం పెట్టించాను. దసరాకు ఆయుధపూజ ముందు కార్ల రద్దీ ఎక్కువ, అప్పటికి ఇంకో నాలుగు ప్యాడ్లు, చేతిలో ఇంకో ప్లేటు ఉంచుకోవాలని ఇప్పటినుంచే కంతులో కొంత పక్కన పెడుతున్నాను. వెల్క్రో లేచిన ఆ ఏడు పాత బిళ్లలూ పారెయ్యలేదు. శుభ్రంగా ఉతికి, ముక్కలు కోసి మిక్సీ కిందా గ్రైండర్ కిందా పెట్టాను. చప్పుడు సగం తగ్గింది.