చిన్న ప్యాకెట్

పదో తరగతి జీవశాస్త్రంలో నాకు మంచి మార్కులే వచ్చాయి. అందుకే నా తప్పు చాలాకాలం బయటపడలేదు. తక్కువ వచ్చి ఉంటే ఎవరో ఒకరు పిలిచి, ఎక్కడ తడబడ్డావని అడిగేవాళ్లు. మెండెల్ ప్రశ్నకు గళ్ల పటం గీసి, నాలుగు గళ్లూ నింపి, కింద 3:1 అని రాసి గీత కొట్టిన పిల్లను ఎవరడుగుతారు?

మాది నర్సంపేట దిక్కు పల్లె. పది చదివింది 2015లో, హనుమకొండలో హాస్టల్లో ఉండి. సంక్రాంతి సెలవులు అయిపోగానే రివిజన్ మొదలయ్యేది. తెల్లవారుజామునే స్టడీ అవర్‌లో కూర్చుని, ఒక పాఠం తిరగేసి, స్లిప్ టెస్ట్ రాసి, దాన్ని మూసేసి ఇంకో పాఠానికి పోయేవాళ్లం. నేను అంతకన్నా కుదించాను. ప్రతి పాఠంలో ఇంపార్టెంట్ ప్రశ్నలు ఏరుకుని వాటికే జవాబులు బట్టీ పట్టాను. తొమ్మిదో తరగతి పుస్తకం పరీక్షకు పనికిరాదని ఇంట్లోనే వదిలేసి వచ్చాను. కణం గురించి ఉన్నది అందులోనే. కణ విభజన పదో తరగతి ప్రత్యుత్పత్తి పాఠంలో ఉంది. మెండెల్ అనువంశికత పాఠంలో ఉన్నాడు. ఈ మూడూ నా తలలో మూడు వేర్వేరు సంచుల్లో ఉండిపోయాయి. సమవిభజనకూ క్షయకరణ విభజనకూ తేడాలు పట్టిక గీసి వరసగా రాయగలను. కానీ బఠాణీ మొక్కలో పొడవు కారకం, పొట్టి కారకం విడిపోయేది ఆ క్షయకరణ విభజనలోనే అని నాకు తట్టలేదు. అలా తట్టాల్సిన అవసరం ఏ ప్రశ్నలోనూ రాలేదు.

ఈ ముక్కలు కలపడం ప్రపంచానికి కూడా ఒక్క రోజులో జరగలేదని తర్వాత చదివాను. మెండెల్ తన ఫలితాలను 1865లో చదివి వినిపించి, 1866లో అచ్చు వేయించాడు. అప్పటికి క్రోమోజోముల నడక ఎవరికీ తెలియదు. విభజనలో అవి ఎలా కదులుతాయో ఫ్లెమింగ్ వివరంగా రాసింది 1882లో. మెండెల్ 1884లో చనిపోయాడు. ఆయన వ్యాసం 1900లో మళ్లీ వెలుగులోకి వచ్చింది. ఆ తర్వాత 1902, 1903ల్లో అమెరికాలో వాల్టర్ సటన్ మిడత కణాల్లో, జర్మనీలో థియోడార్ బొవెరి సముద్రపు జీవుల అండాల్లో క్రోమోజోములను చూస్తూ, మెండెల్ చెప్పిన కారకాలు నడిచే దారీ ఇదేనని పట్టుకున్నారు. సటన్ అప్పటికి ఇంకా విద్యార్థే. మెండెల్ దగ్గర లెక్క ఉంది, కణం లేదు. ఫ్లెమింగ్ దగ్గర కణం ఉంది, లెక్క లేదు. నా దగ్గర రెండూ ఉన్నాయి, ఒకే పుస్తకంలో, హాస్టల్ ట్రంకు పెట్టెలో.

మా బాపు పత్తి వేసేవాడు. అప్పటికి మా చుట్టుపక్కల అంతా బీటీ పత్తే, అంటే కాయ తొలిచే పురుగును చంపే జన్యువు చేర్చిన పత్తి. దానికి మన దేశంలో అనుమతి వచ్చింది 2002లో, రెండు బీటీ జన్యువులున్న బోల్‌గార్డ్-2కి 2006లో. 450 గ్రాముల విత్తన ప్యాకెట్ కొంటే, దానితో పాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్ విడిగా వచ్చేది. అందులో ఉన్నవి బీటీ లేని గింజలు. చేను చుట్టూ వేయాలి. నేను పది పాసై ఇంటర్ బైపీసీలో చేరబోతున్న ఆ వానాకాలం, బాపు ఆ చిన్న ప్యాకెట్ నా చేతికిచ్చాడు.

"ఏంది బిడ్డా ఇది? ఏస్తే ఏమైతది, ఎయ్యకుంటే ఏమైతది?"

"అది నాన్ బీటీ బాపూ. పురుగు పడ్తది. దానికి జాగ దండుగ" అన్నాను.

చదువుకున్న బిడ్డ చెప్పిన మాట కాబట్టి ఆయన మళ్లీ అడగలేదు. ఆ గింజలు గట్టు మీదే పోయాయి. చాలామంది రైతులు అదే చేశారు. వాళ్లకు విడమరిచి చెప్పే మనిషి లేడు. మా బాపుకు మాత్రం ఇంట్లో నేనున్నాను.

ఆయన అడిగింది అచ్చంగా పదో తరగతి ప్రశ్న. బీటీని తట్టుకునే గుణం, పత్తికాయను తొలిచే గులాబీ రంగు పురుగుకు ఎక్కువగా అంతర్గత లక్షణంగా వస్తుంది. అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ, రెండు వైపులా ఆ కారకం అందితేనే పురుగు బీటీ మొక్కను తిని బతుకుతుంది. ఒక వైపు నుంచే అందితే చచ్చిపోతుంది. బీటీ లేని మొక్కల మీద మామూలు పురుగులు బతుకుతాయి, రెక్కల పురుగులై ఎగురుతాయి. చేనులో అక్కడొకటి ఇక్కడొకటి మిగిలిన మొండి పురుగు వాటితో జత కడితే, పిల్లలన్నీ ఒక వైపు నుంచే ఆ కారకం అందిన విషమయుగ్మజాలే అవుతాయి. బీటీ పువ్వునో కాయనో కొరికితే అవి చస్తాయి. చుట్టూ మామూలు పురుగు లేకపోతే మొండిది మొండిదానితోనే కలుస్తుంది, దాని సంతానం మొత్తం తట్టుకుంటుంది. ఇది నేను పరీక్షలో వేసిన గళ్ల పటమే. పొడవు మొక్క ఉన్న చోట చచ్చే పురుగును, పొట్టి మొక్క ఉన్న చోట బతికే పురుగును పెట్టాలి, అంతే. అదే పాఠంలో రెండో సగం పరిణామం. ప్రకృతి వరణం అంటే డార్విన్ పేరు, జిరాఫీ బొమ్మ అని రాశాను. అది మా చేను గట్టు మీద జరుగుతున్నదని తెలియదు.

ఇంకో సంగతి డిగ్రీ చదివేటప్పుడు తెలిసి చాలాసేపు కుదురుగా కూర్చోలేకపోయాను. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థకు సంచాలకులుగా చేసిన కేశవ్ క్రాంతి దీని గురించి రాశారు. మన దేశంలో బీటీ ఎక్కువగా సంకర విత్తనంగానే వచ్చింది. సంకరం చేసిన జంటలో ఒక్కదాని దగ్గరే బీటీ జన్యువు ఉంటే, రైతు వేసే మొక్క విషమయుగ్మజం అవుతుంది. ఆ మొక్క ఆకులన్నింటిలో బీటీ ఉంటుంది. కాయలోని గింజలు మాత్రం తర్వాతి తరం. అవి విడిపోతాయి. ఒక జన్యువైతే నాలుగింట ఒక గింజలో బీటీ ఉండదు. వేరువేరుగా విడిపోయే రెండు జన్యువులైతే పదహారింట ఒకదాంట్లో రెండూ ఉండవు, కొన్నింట్లో ఒకటే ఉంటుంది. గులాబీ పురుగు తినేది ఆ గింజలనే. మెండెల్ 9:3:3:1 ఒక్క పత్తికాయలో, పురుగు ముందు పరిచి ఉంటుంది. పురుగులో తట్టుకునే గుణం పెరగడానికి ఇదీ ఒక కారణమని ఆయన వాదన. 2017 పంటలో మహారాష్ట్రలోనూ మన దగ్గరా ఆ పురుగు రైతులను ఏడిపించింది. మేం పారేసిన ప్యాకెట్ వల్లే అది మొండిదైందని అనను. కానీ బాపు అడిగినప్పుడు చెప్పగలిగే చదువు నా దగ్గర ఉండి, తప్పు చెప్పాను.

రెండో తప్పు చెప్పడానికి ఇంకా కష్టంగా ఉంది. మా వీధిలో ఒక అక్క కొడుకుకు తలసీమియా. కొన్ని వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఇంకో బిడ్డను కందామా వద్దా అని ఆమె నలిగిపోతుంటే, నేను బైపీసీ చదివిన ధైర్యంతో "నలుగురిలో ఒకరికి వస్తదక్కా. ఆ ఒక్కరు మీ బాబే. ఇగ భయం లేదు" అన్నాను. ఆమె ముఖం తేటపడింది. అదృష్టం కొద్దీ గర్భం నిలిచాక ఆ మాటే డాక్టరు దగ్గర అన్నది. ఆ డాక్టరు కూర్చోబెట్టి, ప్రతి కాన్పుకూ అదే నాలుగోవంతు ముప్పు ఉంటుందని చెప్పి పరీక్షలు చేయించారు. పాపకు జబ్బు రాలేదు. వచ్చి ఉంటే ఆ ఇంట్లో నా మాట ఎలా మిగిలేదో ఇప్పటికీ ఆలోచిస్తాను.

ఆ తప్పుకూ మూలం అదే. 3:1 అంటే పంపకం అనుకున్నాను. కణం తెలిస్తే ఆ పొరపాటు రాదు. అండం ఏర్పడే ప్రతిసారీ క్షయకరణ విభజన కొత్తగా జరుగుతుంది, జత క్రోమోజోముల్లో ఏదో ఒకటి అందులోకి చేరుతుంది. కిందటి అండంలోకి ఏది పోయిందో ఈ అండానికి తెలియదు. మెండెల్‌కు గుండ్రటి గింజలు 5474, ముడతలవి 1850 వచ్చాయి. అన్ని వేలు లెక్కపెడితే గానీ మూడుకు ఒకటి కనబడలేదు. ఒక్క బఠాణీ కాయ ఒలిస్తే ఏడూ గుండ్రంగానే ఉండొచ్చు. ఆ రెండు అంకెలు మా తరగతిలో ఎవరైనా బోర్డు మీద రాసి ఉంటే బాగుండేది.

ఇప్పుడు హనుమకొండలో సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్నాను. రివిజన్ పాఠాల వరసలో చేయించను. మొదట తెల్ల కాగితం మీద ఒక్క కణం గీయిస్తాను. అందులో రెండు జతల క్రోమోజోములు, తల్లివి ఎరుపు స్కెచ్ పెన్‌తో, తండ్రివి నీలంతో. ఆ కణాన్నే సమవిభజనలో నడిపించి, తర్వాత క్షయకరణ విభజనలో నడిపించి, చివరికి ఏ సంయోగబీజంలో ఏ రంగులు చేరాయో రాయమంటాను. ఆ సంయోగబీజాలే గళ్ల పటానికి పైన, పక్కన వచ్చి కూర్చుంటాయి. అంతవరకూ గళ్ల పటం గీయనివ్వను. దీనికి చాలా రోజులు పడుతుంది. సిలబస్ ఎప్పుడవుతుందని తల్లిదండ్రులు అడుగుతారు, వాళ్ల భయం నాకు తెలుసు. అవసరమైతే తేడాల పట్టికలు తర్వాత బట్టీ పట్టుకోవచ్చు, ఒక్క ఆదివారం చాలు. ఇది అలా రాదు.

మొన్న సాంబమసూరి వడ్ల మీద మాట వచ్చింది. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన ఆ రకానికి ఎండాకు తెగులు పెద్ద బెడద. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలనాలయం కలిసి మూడు తట్టుకునే జన్యువులను అందులోకి చేర్చి, 2008లో మెరుగైన సాంబమసూరిని తెచ్చాయి. ఆ మూడింటిలో ఒకదాని పేరును పెద్దక్షరంతో, మిగతా రెంటిని చిన్నక్షరంతో రాస్తారు. ఎందుకో చెప్పమన్నాను. ఒక పాప వెంటనే ఆ రెండూ అంతర్గతాలని చెప్పింది. అయితే ఒక్క కాపీ ఉన్న మొక్కకు తెగులు సోకుతుంది కదా, చూసి ఏరడం ఎట్లా అని తనే అడిగింది. అందుకే ఆకు తీసుకుని డీఎన్‌ఏ పరీక్షతో ఏరారని చెప్పాను. మూడు జన్యువులూ మూడు వేర్వేరు క్రోమోజోముల మీద ఉన్నాయనీ చెప్పాను. ఆమె గళ్లు గీయలేదు. పావు, పావులో పావు, అందులో మళ్లీ పావు అని గుణించి, మూడూ రెండేసి కాపీలున్న మొక్క అరవై నాలుగింట ఒకటే దొరుకుతుందని లెక్క తేల్చింది.

"మూడూ ఒకే క్రోమోజోమ్ మీద ఉంటే ఏమైతదక్కా?"

అది ఇంటర్ పాఠం. అయినా స్కెచ్ పెన్లు ముందే ఉన్నాయి కాబట్టి, అప్పుడే కొత్త కాగితం తీసి ఒక క్రోమోజోమ్ గీయించాను.