కుర్చీలో మిగిలిన మనిషి

మా మేనల్లుడు విశాఖ గాజువాకలో అద్దె గదిలో ఉంటాడు. పగలు ఉద్యోగం, రాత్రి ఆట. కిందటి వానాకాలంలో ఓ ఆదివారం సాయంత్రం వెళ్లేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ లేదు. తోసుకుని లోపలికెళ్లాను. వాడు కళ్ల మీద వీఆర్ హెడ్‌సెట్ బిగించుకుని, రెండు చేతుల్లో కంట్రోలర్లు పట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. పిలిచాను. పలకలేదు. చెవులకీ ఏదో తగిలించి ఉంది. వాడి ఒళ్లు ఒకసారి ఎడమకు వాలింది, ఒకసారి ఉలిక్కిపడి వెనక్కి తగ్గింది. రెండడుగుల దూరంలో అయిదు నిమిషాలు నిలబడ్డాను. నేను వచ్చినట్టు వాడికి తెలియలేదు. నా స్థానంలో ఇంకెవరున్నా తెలిసేది కాదు.

"ఏటి మావయ్యా, ఎప్పుడొచ్చావు?" అన్నాడు హెడ్‌సెట్ తీసి. కళ్ల చుట్టూ ఎర్రగా గీత పడింది, నుదురంతా చెమట. ఆటలో ఎవరో హత్యకు గురయ్యారట, ఆ శవం కోసం వెతుకుతున్నాడట. అంతటితో ఆగలేదు. ఇలాంటి లోకంలోనే జరిగే ఓ క్రైమ్ నవల తెలుగులో రాయాలని ఉందనీ, డిటెక్టివ్ పుస్తకాలన్నీ చదివినవాణ్ణి కనక నేను సాయం చెయ్యాలనీ అన్నాడు.

చదివిన మాట నిజం. స్టీల్ ప్లాంట్‌లో పనిచేసిన రోజుల్లో సీ షిఫ్ట్ బస్సులో నా చేతిలో డిటెక్టివ్ నవల లేని రాత్రి తక్కువ. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మా బ్లాస్ట్ ఫర్నేసులకు పేర్లు. ఆ వేడిలోంచి బయటికొచ్చి, అద్దె పుస్తకాల షాపులో తెచ్చిన కొమ్మూరి సాంబశివరావు నవల తెరిస్తే డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు పక్క సీట్లో కూర్చున్నట్టే ఉండేది. ఆ నవలల్లో నేరం మనిషి ఒంటిని పట్టుకుని ఉంటుంది. బూటు అచ్చు, గ్లాసు మీద వేలిముద్ర, గోళ్లలో ఇరుక్కున్న దారప్పోగు. ఒళ్లే లేని లోకంలో వీటికేం పని? అదే మా వాడి చిక్కు కూడా. ఆటలో కాలు మోపితే ముద్ర పడదు, నెత్తురు కారితే ఆరదు, చచ్చినవాడు మరో నిమిషంలో లేచి వస్తాడు.

వాడి కోసం వెతికి ఇలాంటి కథలు కొన్ని చదివాను, కొన్ని చూశాను. బ్రిటిష్ రచయిత చార్లెస్ స్ట్రాస్ 2007లో 'హాల్టింగ్ స్టేట్' అనే నవల రాశాడు. ఆన్‌లైన్ ఆటలోని ఓ బ్యాంకును రాక్షస మూక దోచుకుపోతుంది, ఎడిన్‌బరోలో నిజం పోలీసులు కేసు కడతారు. ఊహ బాగుంది. నన్ను పట్టి కుదిపింది మాత్రం జపాన్ వాళ్ల 'సోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్'. రెకి కవహరా రాసిన ఈ నవలలు 2009 నుంచి అచ్చవుతున్నాయి. అందులో తుపాకుల ఆటొకటి ఉంది. ముసుగువాడొకడు ఆటలో ఒకణ్ణి కాలుస్తాడు, తూటా తగిలినవాడు తన ఇంట్లో నిజంగానే చచ్చిపోతాడు. ఆటలోని తూటా ఇంట్లో ఉన్న గుండెను ఎలా ఆపింది? ఆపలేదు. ఆటలో బహుమతి కోసం ఆటగాళ్లు తమ అసలు చిరునామా టైపు చేస్తుంటే, కనపడకుండా పోయే అంగీ వేసుకున్న హంతకుడు దూరం నుంచి దుర్భిణితో చదివేశాడు. ముసుగువాడు ఆటలో ట్రిగ్గర్ నొక్కే క్షణానికి తోడుదొంగ ఆ ఇంట్లో, ఆ కుర్చీ పక్కనే, సిరంజితో నిలబడి ఉన్నాడు. ఆసుపత్రి వాళ్లు అత్యవసరానికి వాడే మాస్టర్ కీతో తలుపు తీసుకుని లోపలికొచ్చాడు.

గాజువాక గదిలో నాకు వేసిన భయం పేరు అప్పుడు దొరికింది. లోకం ఎంత మాయదైనా మనిషి ఒళ్లు ఎక్కడో ఓ గదిలో ఉండిపోతుంది. ఈ రకం కథకు ప్రాణం ఆ గది. రంగురంగుల కోటలూ, డ్రాగన్లూ ఎన్ని పేజీలు వర్ణించినా, కుర్చీలో మిగిలిన మనిషిని మరిచిపోయిన రచయిత మనల్ని ఏడిపించలేడు.

కల్పన ఒక్కటే కాదు. షాంఘైలో 2005లో ఓ మనిషి మరొకణ్ణి పొడిచి చంపాడు. కారణం కత్తి, ఆటలో కత్తి. 'లెజెండ్ ఆఫ్ మిర్ 3' ఆటలో కష్టపడి సంపాదించిన డ్రాగన్ ఖడ్గాన్ని స్నేహితుడికి అరువిస్తే వాడు 7,200 యువాన్లకు అమ్మేశాడు. పోలీసుల దగ్గరికెళితే, లేని కత్తికి కేసేమిటి, అలాంటి ఆస్తికి చట్టం లేదన్నారు. ఇవతలి లోకంలో మాత్రం నిజమైన కత్తి దిగింది. నెదర్లాండ్స్ అత్యున్నత న్యాయస్థానం 2012లో ఇంకోలా చెప్పింది. ఓ పిల్లవాణ్ణి కొట్టి బెదిరించి 'రూన్‌స్కేప్' ఆటలో వాడి తాయెత్తు లాక్కోవడం దొంగతనమే అంది. దాన్ని సంపాదించడానికి ఆ పిల్లవాడు పోసిన సమయమూ శ్రమా నిజమైనవి కదా. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. చెమటకు మాయ లేదు. ఫర్నేసు దగ్గర ముప్ఫై ఏళ్లు నిలబడ్డవాడికి ఆ తీర్పు మరో పాఠం అక్కర్లేకుండానే అర్థమవుతుంది.

ఇక ఆటలో వేరే రూపం వేసుకుని చేసే మోసమంటారా, మారువేషంలో మోసం మనకు కొత్తా? పదహారో శతాబ్దంలోనే పింగళి సూరన 'కళాపూర్ణోదయం'లో రంభ రూపం కలభాషిణికి ఇచ్చాడు, నలకూబరుడి రూపం మణికంధరుడికి ఇచ్చాడు. ఇద్దరు రంభలు ఎదురుబదురై నేనంటే నేనని తగువాడుకుంటుంటే, వాళ్లు ఎవరి కోసం తగువాడుకుంటున్నారో ఆ నలకూబరుడే అసలువాడు కాడు. తెలుగు పాఠకుడికి వీఆర్ లోకం అర్థం కాదేమోనని మా వాడు దిగులుపడితే ఈ కథ చెప్పాను. నోరు తెరుచుకుని విన్నాడు.

ఆ నవలకు ఊరు ఏదంటే నేను విశాఖే అంటాను. రావిశాస్త్రిగారు ఇక్కడి కోర్టుల్లో వకీలుగా నిలబడి చూసినదాన్నే 'ఆరు సారా కథలు' చేశారు. నేరం చేసినవాణ్ణీ, వాడిచేత చేయించినవాణ్ణీ విడదీసి చూపించిన కలం అది. బోనులో నిలబడ్డ బక్కప్రాణి వెనక బొజ్జ నింపుకునేవాడెవడో ఆయన వెతికేవారు. అదే చూపు ఇప్పుడు తెరల లోకానికి కావాలి.

ఎందుకంటే ఆ నేరం మన గడపలోకి వచ్చేసింది. 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు చదివి నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి, డబ్బు కట్టించుకుని, ఏజెంట్లు ఇక్కడి కుర్రాళ్లను కంబోడియాకు తరలించారు. అక్కడ గేటు పడింది. ఆడపిల్లల పేర్లతో, ఫొటోలతో దొంగ ప్రొఫైళ్లు తెరిచి, మన దేశంలోని మనవాళ్లకే వల వేసి దోచాలి. చెయ్యనంటే తిండి లేదు. ఆ నెలలోనే అక్కడి భారతీయులు తిరగబడ్డారు, కొందరు విమానం దిగి విశాఖ చేరారు.

వాళ్ల గదులు ఊహించుకోండి. తెర మీద నవ్వుతున్న అమ్మాయి. ఆ నవ్వు వెనక కుర్చీలో ఆకలితో, అమ్మకు ఫోన్ చేసే వీలు లేక, తను చేస్తున్నది తప్పని తెలిసీ వేళ్లు ఆడిస్తున్న మన కుర్రాడు. అవతల మరో కుర్చీలో, ఆ అమ్మాయిని నమ్మి దాచుకున్న డబ్బంతా పంపేస్తున్న మరో మనిషి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు ఎన్నడూ చూడరు. వీళ్లలో హతుడెవరు, హంతకుడెవరు? ఏ జపాన్ రచయితా ఇంత చీకటి కథ అల్లలేదు. దీన్ని డ్రాగన్ల మధ్య పెట్టి రాసినా సరే, గది మాత్రం ఇదే కావాలని మా వాడికి చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. "మా ఫ్రెండుగాడిక్కూడా ఆ ఉద్యోగం ఆఫరొచ్చింది మావయ్యా, ఆళ్లమ్మ ఎల్లనివ్వలేదు" అన్నాడు చివరికి.

మొన్న మొదటి అధ్యాయం తెచ్చి ఇచ్చాడు. కాగితాల మీద కొట్టివేతలు, బాణం గుర్తులు. ఆట ఇంకా మొదలవలేదు. గాజువాక గది, ప్లాస్టిక్ కుర్చీ, బయట వాన, పైన ఫ్యాను. కుర్చీలో ఒక కుర్రాడు కళ్లకు హెడ్‌సెట్ బిగించుకుంటున్నాడు. అతని వెనక తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ పెట్టలేదు.