జోళ్ళ ఊరికి ప్రయాణం

పిల్లలూ! ఇది చదవబోయే ముందు మీరొక పని చెయ్యాలి. తెల్లకాగితం ఒకటి నేలమీద పరచి, దానిమీద ఉత్తకాలితో నిలబడండి. పెన్సిలు నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీత గీయమని అమ్మతోనో అక్కతోనో చెప్పండి. తరవాత మీ బడి బూటు తెచ్చి ఆ బొమ్మమీద పెట్టండి. పాదం బొమ్మ బూటు కిందనుంచి బయటికి కనిపిస్తున్నదా? కనిపిస్తే ఎటువైపు? బొటనవేలివైపా, చిటికెనవేలివైపా? అది గుర్తుంచుకుని నాతో రండి. మనం చాలా దూరాన వున్న ఒక ఊరికి పోతున్నాం.

ఆ ఊరి పేరు జ్లీన్. ఐరోపా ఖండం నడుమ వున్న చెక్ దేశంలో, తూర్పున మొరావియా అనే సీమలో, ఒక చిన్న ఏటి ఒడ్డున వున్నది. జనాభా 75,000కు అటూ ఇటూగా వుంటుంది. ఆ ఊరి పేరు మన పల్లెల్లో ఎవరికీ తెలియదు గాని, ఆ ఊళ్ళో పుట్టిన ఒక మనిషి ఇంటిపేరు మాత్రం అందరికీ తెలుసు. అదే 'బాటా'. అక్కడివాళ్ళు 'బాత్యా' అని పలుకుతారు. మా చిన్నతనంలో అది మన దేశపు కంపెనీయే అనుకునేవాళ్ళం!

నేను అంత దూరం ఎందుకు వెళ్ళానో చెబుతాను. మా అమ్మాయీ అల్లుడూ ఆ దేశంలోనే బ్రనో నగరంలో ఉద్యోగాలు చేస్తున్నారు. ఒక వేసవిలో వాళ్ళను చూడబోయాను. వెళుతూ ఆరేళ్ళ మా మనవడికి కానుకగా నల్లని తోలుబూట్లు పట్టుకుపోయాను. వాటి ముక్కు కోసుగా వుండేది, అద్దంలా మెరిసేవి. కొనేముందు మా అమ్మాయిని కొలత అడగలేదు. ఇన్నేళ్ళు పిల్లల మధ్య బతికినవాణ్ణి, ఆరేళ్ళవాడి కాలు ఎంత వుంటుందో నాకు తెలియదా అనుకున్నాను.

వాడు వాటిని చూసి గంతులేశాడు. నాలుగు రోజులు నాతో పార్కుకు అవే తొడుక్కు వచ్చాడు. అయిదోనాటి సాయంకాలం వాడు స్నానం చేసి వస్తుంటే తడికాళ్ళ ముద్రలు నేలమీద పడ్డాయి. కుడికాలి ముద్రలో బొటనవేలు లేదు. పాదం పక్కకు వాల్చి నడుస్తున్నాడన్నమాట. దగ్గరికి తీసుకుని చూస్తే మడమమీద బొబ్బ చిదిమి వున్నది, బొటనవేలి గోటిచుట్టూ ఎర్రగా వాచి వున్నది.

"నొప్పిగా లేదుటరా?" అన్నాను.

"కొంచెం వుంది తాతయ్యా. నువ్వు తెచ్చావుగా!" అన్నాడు వాడు.

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. మా అమ్మాయి నన్ను ఏమీ అనలేదు. "శనివారం జ్లీన్ వెళదాం నాన్నా. నువ్వు ఊరు చూసినట్టూ వుంటుంది, వీడికి జోళ్ళు కొన్నట్టూ వుంటుంది," అన్నది. బొబ్బ ఆరేదాకా వాడు వెనక భాగం లేని ఇంటి చెప్పులతో తిరిగాడు. ఆ దేశంలో బళ్ళో కూడా పిల్లలు బయటి బూట్లు విప్పేసి, లోపల వేరే మెత్తటి జోళ్ళు వేసుకుంటారు. మంచి అలవాటు.

బ్రనో నుంచి జ్లీన్ సుమారు 100 కిలోమీటర్లు. బస్సులో వెళ్ళాం. అది మే నెల. దారి పొడుగునా మన ఆవచేలవంటి పసుపుపచ్చని చేలు. ఊరు దగ్గరపడేసరికి గుట్టలు వచ్చాయి. గుట్టలమీద చెట్ల నడుమ ఎర్రఇటుకల ఇళ్ళు, అన్నీ చతురంగా, ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. అవి జోళ్ళ ఫ్యాక్టరీ పనివాళ్ళకోసం కట్టినవి. ఫ్యాక్టరీ భవనాలు కూడా ఎర్రఇటుకలవే. ఏ భవనంలో చూసినా స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం 6.15 మీటర్లే! ఒక లెక్క కుదిరితే దాన్ని ఇక వదలని మనుషులు వాళ్ళు.

తోమాష్ బాటా చెప్పులు కుట్టే ఇంట పుట్టాడు. 1894లో అన్న ఆంతొనీన్‌తోనూ, అక్క ఆన్నాతోనూ కలిసి చిన్న కార్ఖానా పెట్టాడు. తరవాత యంత్రాలు తెచ్చాడు, చవకగా జోళ్ళు చేశాడు. ఉత్తకాళ్ళతో తిరిగే బీదల పిల్లలకు కూడా జోళ్ళు అందాయి. అది తక్కువ సంగతి కాదు. 1932లో పొగమంచులో ఆయన ఎక్కిన విమానం కూలిపోయి చనిపోయాడు. ఆయన తమ్ముడు యాన్ ఆంతొనీన్ బాటా 77 మీటర్ల పైచిలుకు ఎత్తున ఒక భవనం కట్టించాడు. దాన్ని ఇప్పటికీ 21వ నంబరు భవనం అనే పిలుస్తారు. అందులో ఒక వింత వున్నది. ఆయన ఆఫీసుగది లిఫ్టులో వుంటుంది! బల్లా, టెలిఫోనూ, చేతులు కడుక్కునే తొట్టీ అన్నీ లోపలే. ఏ అంతస్తులో పని వుంటే గది ఆ అంతస్తుకు వెళుతుంది. ఆ గదిలో కూర్చునే యోగం మాత్రం ఆయనకు పట్టలేదు. యుద్ధం ముంచుకు వచ్చింది. 1939లో ఆయన దేశం విడిచి వెళ్ళిపోయాడు.

ఈ కంపెనీ 1931లోనే మన దేశానికి వచ్చింది. తరవాత కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున బాటానగర్ అనే ఊరే వెలిసింది.

పాత ఫ్యాక్టరీలో 14వ నంబరు భవనంలో ఇప్పుడు మ్యూజియం వున్నది. అక్కడ నేను ఎక్కువసేపు నిలబడింది జోళ్ళ ముందు కాదు, వాటిని తయారుచేసే కొయ్య అచ్చుల ముందు. పూర్వం మన ఊళ్ళో చెప్పులు కుట్టేవాడు మన కాలు కొలిచి చెప్పు కుట్టేవాడు. ఫ్యాక్టరీలో అలా కాదు. అచ్చుకు ఒక నంబరు వుంటుంది, ఆ అచ్చుమీద తోలు బిగిస్తారు. ఐరోపా నంబరు లెక్క సులభం: అచ్చు పొడుగును సెంటీమీటర్లలో కొలిచి, ఒకటిన్నరతో హెచ్చవెయ్యాలి. 20 సెంటీమీటర్లయితే 30వ నంబరు. ఈ లెక్కలో వెడల్పు ఎక్కడున్నది? లేదు! అచ్చు ముక్కు కోసుగా వుంటే వేళ్ళన్నీ కోసుగా సర్దుకోవలసిందే.

అక్కడినుంచి ఒక చిన్న దుకాణానికి వెళ్ళాం. అందులో అన్నీ 'బేర్‌ఫుట్ షూస్', అంటే ఉత్తకాళ్ళతో నడిచినట్టే వుండే జోళ్ళు. దుకాణం ఆమె చెక్ భాషలో మాట్లాడుతుంటే మా మనవడు నాకు తెలుగులో చెబుతూ వచ్చాడు. ఆమె నంబరు అడగనేలేదు. వాణ్ణి నిలబెట్టి రెండు కాళ్ళూ కొలిచింది. కూర్చుంటే పాదం కురచగా తేలుతుంది, బరువు పడితే సాగుతుంది. అందుకే నిలబెట్టి కొలవాలి. కుడికాలు 179 మిల్లీమీటర్లు, ఎడమకాలు 182. పెద్దకాలి కొలతే తీసుకున్నది. నడిచేటప్పుడు వేళ్ళు ముందుకు జరుగుతాయి, పైగా పెరిగే కాలు. అందుచేత మరో 10 మిల్లీమీటర్లు కలిపింది. నేను వెంటనే లెక్క వేసి, "19.2ను ఒకటిన్నరతో హెచ్చవేస్తే 28.8. కనుక 29వ నంబరు!" అన్నాను.

మనవడు ఆమెకు అది చెప్పాడు. ఆమె నవ్వి 29వ నంబరు జతలు రెండు తెచ్చి, లోపలి అట్టలు లాగి కొలిచి చూపింది. ఒకటి 186, రెండోది 193! తయారుచేసేవారిని బట్టి నంబరు మారుతుందన్నమాట. వాణ్ణి ఆ అట్టమీద నిలబెట్టింది. మొదటిదాని మీద చిటికెనవేలు గట్టు దాటింది, రెండోదాని మీద అయిదువేళ్ళూ విడివిడిగా పరుచుకున్నాయి. తరవాత ఆ జోడును చేత్తో చపాతీలా చుట్టేసింది. అడుగు అంత పలచన. మడమ దగ్గర ఎత్తు లేదు. నేను పరీక్షకని ఒక గోలీ లోపల పెట్టాను, అది ముందుకు దొర్లలేదు.

నేను మన పద్ధతిలో బూటు ముక్కుమీద బొటనవేలితో నొక్కబోతే ఆమె వద్దన్నది. నొక్కగానే పిల్లలు వేళ్ళు ముడుచుకుంటారట. లోపల ఖాళీ వున్నదని పెద్దలు మోసపోతారట. నా మట్టుకు నేను అలాగే కదా మోసపోయింది!

ఇదంతా ఎందుకంటే, పెద్దవాళ్ళ పాదంలో 26 ఎముకలుంటాయి. పసివాళ్ళ పాదంలో చాలా భాగం ఇంకా మృదులాస్థి, మెత్తగా వంగుతుంది. అది పూర్తిగా ఎముకగా గట్టిపడటానికి కౌమారం దాటాలి. ఈలోపల బూటు ఎటు వంచితే అటు వంగుతుంది, పెద్దగా నొప్పి కూడా చెప్పదు. పసిపిల్లల అరికాలు చదునుగా వుండటం మామూలే. పదేళ్ళు వచ్చేలోపల వంపు తేలుతుంది. మన దేశంలోనే మణిపాల్ కస్తూర్బా వైద్య కళాశాల వైద్యులు రావు, జోసెఫ్ అనేవారు 2,300 మంది పిల్లల పాదముద్రలు తీసి, 1992లో ఆ వివరాలు ప్రకటించారు. పాదరక్షలు వేసుకునేవారిలో చదును పాదాలు 8.6 శాతం, వేసుకోనివారిలో 2.8 శాతం. ముందువైపు మూసివున్న బూట్లు తొడిగేవారిలో మరీ ఎక్కువ.

అలాగని తల్లిదండ్రులు పిల్లల జోళ్ళు పారేసి ఎండలో తారురోడ్డు మీదికి పంపకండి! మన నేలమీద గాజుపెంకులున్నాయి, తుమ్మముళ్ళున్నాయి. అశుభ్రమైన తేమమన్నులో కొంకిపురుగుల పిల్లలు అరికాలి చర్మంగుండా లోపలికి పోతాయి. ఇంట్లోనూ, శుభ్రమైన ఇసుకలోనూ ఉత్తకాళ్ళు. బయట, కాలి ఆకారంలో వుండే పలచని జోళ్ళు. ఖరీదైనవే కానక్కరలేదు. ముందు వెడల్పుగా, అడుగు సమంగా, మెత్తగా వంగే కాన్వాసు జోళ్ళయినా సరే. బిగుతు మేజోళ్ళు కూడా వేళ్ళను నొక్కుతాయని మరవకండి. చిన్నపిల్లల కాలు రెండుమూడు నెలలకొకసారి కొలవాలి. నడకలో లోపమో, మానని నొప్పో వుంటే ముందు డాక్టరును అడగాలి.

తిరుగు బస్సులో నాకొక సంగతి గుర్తుకు వచ్చింది. నేను హెడ్మాస్టరుగా వున్నప్పుడు ప్రార్థన వేళ పిల్లల బూట్లు తనిఖీ చేసేవాణ్ణి. ఒక కుర్రవాడు బూట్లు సంచిలో పెట్టుకు వచ్చి, గేటు దగ్గర తొడుక్కుని, బడి వదలగానే మళ్ళీ విప్పేసేవాడు. క్రమశిక్షణ లేదని వాణ్ణి రెండుసార్లు ఎండలో నిలబెట్టాను. ఒక్కనాడైనా ఆ బూట్లు విప్పించి వాడి కాళ్ళు చూడలేదు.

ఇంటికి చేరాక మా అమ్మాయి ఆ నల్లబూట్లు ఎవరికైనా ఇద్దామన్నది. నేను వద్దన్నాను. ఇప్పుడు వాటిలో మా మనవడి రంగుపెన్సిళ్ళు వుంటున్నాయి. ఆ రాత్రే వాడు కాగితం తెచ్చి, "నీ కాలు కూడా కొలుద్దాం తాతయ్యా," అని నన్ను నిలబెట్టి గీత గీశాడు. తన కాగితం పక్కన నాది పెట్టి చాలాసేపు చూశాడు. వాడి పాదం వేళ్ళ దగ్గర విసనకర్రలా విప్పారి వున్నది. నాది ముందుకు పోయినకొద్దీ సన్నబడి, బొటనవేలు పక్కవేలిమీదికి ఒరిగి, అచ్చం ఒక బూటు బొమ్మలా వున్నది.

"ఇది నీ కాలా తాతయ్యా, నీ బూటా?" అని అడిగాడు వాడు.