వెనక ఇరుసు

పోయిన డిసెంబర్‌లో ఒక సెకండ్ హ్యాండ్ ట్రావెల్ ట్రెయిలర్ కొన్నాం. నిండా సామాను వేస్తే 2,700 కిలోలు. మా మార్కాపురం లెక్కలో చెప్పాలంటే, దాదాపు ఒక ఘనపు మీటరు పలకరాయి. దాన్ని పికప్‌కి తగిలించుకుని ఆస్టిన్ నుంచి బిగ్ బెండ్ దాకా వెళ్దామని ప్లాను.

తగిలించగానే పికప్ వెనక కుంగింది, ముందు లేచింది. ముందు చక్రం పైనున్న అంచు నేలకి ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచాను. తగిలించకముందు 97 సెంటీమీటర్లు, తర్వాత 99.5. తేడా చిన్నదే. కానీ బండిని తిప్పేదీ, బ్రేకు ఎక్కువగా పట్టేదీ ఆ ముందు చక్రాలే. అవి తేలిపోతే, హైవే మీద పక్కనుంచి పెద్ద లారీ దాటినప్పుడు బండి మన మాట వినదు.

ఇది నాకు కొత్త కాదు. నాన్న గనుల నుంచి పలకల ఫ్యాక్టరీలకి ట్రాక్టర్ మీద రాయి తోలేవాడు. రెండు చక్రాల ట్రాలీలో రాయి మరీ ముందుకి పేరిస్తే, గట్టు ఎక్కేటప్పుడు ట్రాక్టర్ ముందు చక్రాలు గాల్లోకి లేచేవి. అప్పుడు ఇద్దరు కూలీలు దిగి బానెట్ ముందు వేలాడేవాళ్లు. అదెంత ప్రమాదమో అప్పట్లో ఎవరికీ పట్టలేదు. ఎడ్లబండి తోలిన మా తాత దీన్నే మొగ్గు అనేవాడు. ముందు మొగ్గయితే ఎద్దుల మెడ మీద బరువు, వెనక మొగ్గయితే కాడి పైకి లేస్తుంది. ఇక్కడా సూత్రం అదే. ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద ఉండాలి. అంతకన్నా తగ్గితే ట్రెయిలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది.

వీడియో కాల్‌లో తమ్ముడికి చూపించాను. వాడు మార్కాపురంలోనే ఉంటాడు.

"ఇద్దరు మనుషుల్ని ముందు వేలాడదియ్యన్నా" అన్నాడు నవ్వుతూ. అమ్మని డయాలసిస్‌కి తీసుకెళ్లే టైమైందని ఫోన్ పెట్టేశాడు.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. కొక్కెం మీద 320 కిలోలు. అది వెనక ఇరుసుకి మీటరున్నర అవతల ఉంది. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 3.6 మీటర్లు. కాబట్టి ముందు ఇరుసు మీద 133 కిలోలు తగ్గుతాయి. ఆ తగ్గినవి ఎక్కడికీ పోవు, అవీ వెనక ఇరుసు మీదే పడతాయి. మనం పెట్టింది 320, అది మోసేది 453.

ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలోనే చదువుకున్న లెక్క ఇది. కానీ ఆ అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నెలనెలా డబ్బు పంపుతున్నాను కాబట్టి అమ్మ బరువు సగం నేనూ మోస్తున్నానని నా నమ్మకం. తమ్ముడు మోసేది వాడి వంతు మాత్రమే కాదు, నేను తేలిపోయిన మేరకి నాదీ వాడే మోస్తున్నాడు. పుస్తకాల మీద రాసేటప్పుడు 'బరువైన కథ' అని ఎన్నిసార్లు రాశానో. ఆ బరువు ఎవరి మీద పడిందని మాత్రం ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ బిగించాను. కొక్కెం కింద నుంచి రెండు స్ప్రింగ్ బార్లు ట్రెయిలర్ చట్రం వెంబడి వెనక్కి వెళ్తాయి. వాటి చివర్లని గొలుసులతో పైకి లాగి కట్టాలి. ముందే జాకీతో ట్రెయిలర్ ముక్కునీ పికప్ వెనక భాగాన్నీ కలిపి ఎత్తకపోతే గొలుసు చేతికి లొంగదు. బార్లు బిగుసుకున్నకొద్దీ వెనక ఇరుసు మీది బరువు కొంత ముందుకీ, కొంత ట్రెయిలర్ చక్రాల మీదకీ జరుగుతుంది. మొత్తం బరువు ఒక్క కిలో కూడా తగ్గదు. బండి మోయగలిగిన పరిమితీ పెరగదు. మొదటిసారి ఎత్తు 99 దగ్గర ఆగింది. రెండు వైపులా ఇంకో లింకు బిగించి కట్టాను. 98కి వచ్చింది. మా పికప్ మాన్యువల్ అడిగేది అంతే.

బిగ్ బెండ్ వెళ్లొచ్చాం. బండి నిలకడగానే నడిచింది.

వచ్చాక ఆరు వారాలు రిమోట్ పనికి అనుమతి అడిగాను. టికెట్ కొన్నాక తమ్ముడికి ఫోన్ చేసి, "నేనొచ్చాక నువ్వు కొన్నాళ్లు ఎటైనా వెళ్లిరా" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు.

"మంగళ, గురు, శనివారాలు. పొద్దున అయిదింటికల్లా అమ్మని బయల్దేరదియ్యాలి. లేస్తావా?" అన్నాడు.