కంప్యూటరు అక్షరములను లెక్కించు తీరు

విద్యార్థుల పేర్లును ఊళ్లును కంప్యూటరున వ్రాయునపుడు నన్ను రెండు చిక్కులు విసిగించుచుండెను. ‘మహబూబాబాద్’ అని వ్రాసి ‘లో’ చేర్చితినా, లావత్తు పడి ‘మహబూబాబాద్లో’ అగుచుండెను. జనగామ, భూపాలపల్లి పేర్లు అచ్చుతో ముగియుటచే వాటి కీ బాధ లేదు. పొల్లు వెంట హల్లు వచ్చిన రెంటిని కలుపుట యంత్రము నియమము. నడుమ ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ అను కంటికి కనబడని గుర్తు నుంచినచో ‘మహబూబాబాద్‌లో’ అని విడిగా నిలుచును.

ఇక రెండవది. ‘స్త్రీ’ మన కంటి కొక్క అక్షరము. 1991 లో వెలువడిన తొలికూర్పునందే తెలుగునకు చోటిచ్చిన యూనికోడులో నది ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము. కావుననే పెక్కు యంత్రములలో బ్యాక్‌స్పేసు మీట నొక్కిన అక్షర మంతయు పోక, చివరి గుర్తు మాత్రమే తొలగును.

బాలలారా, విసుగుతో మీటలను బాదకుడు. కారణ మెరిగి దిద్దుడు. ధ్రువపత్రములోని పేరు జీవితాంతము వెంట వచ్చునది కదా!