లెక్కల పుస్తకంలో ఒక పేరు

రమజాన్‌లో జకాత్ లెక్క తీయడం మా ఇంట ఆనవాయితీ. ఈసారి పుస్తకంలో ఒక పేరు దగ్గర ఆగిపోయాము. మూడేళ్ళ క్రితం వైద్యం కోసం మా వద్ద అప్పు తీసుకున్న వితంతువు ఆమె. ఆ సొమ్మును ఏటా రావలసిన బాకీగానే రాసుకుంటూ వచ్చాము.

అప్పుడు సోమాలియా గుర్తుకువచ్చింది. 1991లో ప్రభుత్వం కూలిపోయాక, అంతర్యుద్ధంతో, కరవులతో ఆ దేశం పాత అప్పులు తీర్చలేకపోయింది. బాకీదారు కావడంతో ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి కొత్త ఋణాలూ అందలేదు. 2020లో మొదలైన ఋణ విముక్తి 2023 డిసెంబరులో పూర్తయింది. సుమారు 450 కోట్ల డాలర్ల భారం తొలగింది. దానితోనే పేదరికం పోదు. అయినా, తల ఎత్తుకొని అడిగే స్థితి ఆ దేశానికి తిరిగి వచ్చింది.

జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో ఋణగ్రస్తులూ ఉన్నారు. ఇబ్బందిలో ఉన్నవారికి గడువివ్వాలని, మాఫీ చేయడం మరింత శ్రేష్ఠమని ధర్మం మనకు నేర్పింది. దేశాలు ఆలస్యంగానైనా చేసిన పనిని మేము ఇంట్లో చేయలేకపోయాము.

జకాత్‌ను విడిగా చెల్లించి, ఆ బాకీని కొట్టివేసి, ఆమెకు కబురు పంపాము. మరునాడు ఇఫ్తార్ వేళకు ఆమె ఖర్జూరాలతో వచ్చింది. ఇన్నాళ్ళూ ఆమె మా వీధి తప్పించుకొని నడిచిన సంగతి అప్పుడే మాకు తెలిసింది.